ఉప్పు నీళ్ల ఊళ్లో స్నానాల గది: ఏది మన్నుతుంది?

ప్రశ్న: ఒంగోలులో రెండంతస్తుల ఇల్లు కట్టుకుంటున్నాం. కింద ఒక బాత్‌రూమ్, పైన రెండు. డాలస్‌లో ఉన్న మా అమ్మాయి పైన ఒకదాంట్లో బాత్‌టబ్ పెట్టించమంటోంది. పిల్లల్ని తీసుకుని ఏటా వేసవిలో వచ్చి నెల రోజులు ఉంటుంది. షాపులో యాక్రిలిక్ టబ్ చూపించి పదేళ్ల గ్యారంటీ అన్నారు. మా మేస్త్రీ ఏమో, ‘అంత డబ్బు ఎందుకు అమ్మా, ఇటుకతో కట్టి లోపలా బయటా బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ అతికిస్తాను, వందేళ్లు ఉంటుంది’ అంటున్నాడు. మావారు గాజు తలుపుల షవర్ ఉంటే చాలంటారు. మాది బోరు నీరు, కాస్త ఉప్పగా ఉంటుంది. ఇప్పుడున్న అద్దె ఇంట్లో కుళాయిలన్నీ తెల్లగా గార కట్టిపోయాయి. డెబ్బై ఆరేళ్ల మా అత్తగారు మాతోనే ఉంటారు. వీటిలో ఏది ఎక్కువ కాలం మన్నుతుంది?
– ఒక పాఠకురాలు, ఒంగోలు

సమాధానం: మీ ఇంట్లో తలా ఒక మాట అన్నారు కానీ, మీ ఉత్తరంలో నాకు అసలైన సంగతిగా తోచింది మీరు మాటవరసకు రాసిన ఆ గార. యాక్రిలిక్ అయినా, రాయి అయినా, గాజు అయినా, దాని ఆయుష్షును తేల్చేది మొదట మీ బోరు నీళ్లు. తర్వాత, ఆ నీళ్లు మిగిల్చే గారను వదిలించడానికి మీరు వాడే సీసా. ఈ రెండింటినీ పక్కన పెట్టి షాపువాళ్లు చెప్పే పదేళ్లకూ, మేస్త్రీ చెప్పే వందేళ్లకూ విలువ లేదు.

నా సలహా ముందే చెప్పేస్తాను. మేస్త్రీ కడతానన్న తొట్టి వద్దు. టబ్ తప్పదనుకుంటే మంచి యాక్రిలిక్‌దే తీసుకోండి. నన్ను అడిగితే మాత్రం ఇప్పుడు టబ్ కొనకుండా, దానికి కావలసిన చోటూ పైపులూ వదిలి, మూడు బాత్‌రూములలోనూ గరుకు రాతి నేల ఉన్న మామూలు షవర్ పెట్టించుకోమంటాను. ఎందుకో ఇక విడమరచి చెబుతాను.

ముందుగా ఒక లీటరు బోరు నీళ్లు శుభ్రమైన సీసాలో పట్టి పరీక్ష చేయించండి. అన్ని అంకెలూ మీకు అక్కర్లేదు, రెండు చాలు: కాఠిన్యం (నీళ్లలో కరిగిన కాల్షియం, మెగ్నీషియం), క్లోరైడు (ఉప్పదనం). తాగునీటికి భారతీయ ప్రమాణాల సంస్థ పెట్టిన లెక్క ప్రకారం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే దిక్కు లేనప్పుడు 600 వరకు సరిపెట్టుకోవచ్చు. క్లోరైడుకు ఆ అంకెలు 250, 1000. ఇవి తాగడానికి చెప్పినవే అయినా మీ కుళాయిల భవిష్యత్తు కూడా వీటిలోనే కనిపిస్తుంది. కాఠిన్యం ఎక్కువైతే గార కడుతుంది, క్లోరైడు ఎక్కువైతే స్టీలు మీద చుక్కలు చుక్కలుగా తుప్పు దిగుతుంది. రెండూ వేర్వేరు జబ్బులు. నీళ్ల కాఠిన్యాన్ని తగ్గించే సాఫ్ట్‌నర్ మొదటిదానికే మందు. అది కాల్షియం, మెగ్నీషియం తీసేసుకుని బదులుగా సోడియం వదులుతుంది. కాబట్టి గార తగ్గుతుంది కానీ ఉప్పదనం పోదు. సాఫ్ట్‌నర్ పెడితే నీళ్లు తియ్యబడతాయని ఎవరైనా చెబితే, వాళ్ల దగ్గర ఇంకేమీ కొనకండి.

ఇప్పుడు మేస్త్రీ గారి తొట్టి సంగతి. రాయి వందేళ్లు ఉంటుందన్న మాట నిజమే. రాయికీ రాయికీ మధ్య ఉండే అతుకు మాత్రం అంతకాలం ఉండదు. లోపలివైపు ఒక పలక అడుగున, నాలుగు పలకలు చుట్టూ పెడతాడు. అడుగు చుట్టూ నాలుగు అతుకులు, మూలల్లో నిలువునా నాలుగు, మొత్తం ఎనిమిది. వీటికి తోడు నీళ్లు పోయే గొట్టం రాయిని కలిసే చోటు. గోడ మీద టైల్స్ మధ్య సందులకు నీళ్లు తగిలి జారిపోతాయి. ఈ తొట్టిలో అవి అరగంటసేపు నిలబడి ప్రతి సందునూ లోపలికి నొక్కుతాయి. వేడి నీళ్లు పోసినప్పుడు రాయి కొంచెం వ్యాకోచిస్తుంది, చల్లారితే ముడుచుకుంటుంది. వెంట్రుకవాసి చీలిక ఒక్కటి చాలు. అక్కడ ఇంకిన నీళ్లు ఇటుకలోకి, అక్కడి నుంచి పైపుల కోసం కాస్త దించి పోసిన సన్‌కెన్ స్లాబులోకి దిగి, కింది హాలు సీలింగుకు పసుపుపచ్చని మరకగా దర్శనమిస్తాయి. అప్పుడు ఏ అతుకు కారుతోందో కనిపెట్టడం ఎవరి తరమూ కాదు. మొత్తం పగలగొట్టాల్సిందే.

బరువు లెక్క కూడా చూడండి. నాలుగున్నర అంగుళాల ఇటుక గోడలు, సిమెంటు, లోపలా బయటా రాయి, 250 లీటర్ల నీళ్లు, అందులో ఒక మనిషి – అన్నీ కలిపితే టన్ను దాటుతుంది. ఇళ్లలో స్లాబును సాధారణంగా చదరపు మీటరుకు 200 కిలోల వాడుక బరువు మోసేలా లెక్కగడతారు. ఈ తొట్టి కింద అది 500 దాటిపోతుంది. అది కూడా పై అంతస్తులో! మీ ఇంజనీరును అడగకుండా మేస్త్రీ ఈ మాట అన్నాడంటే, ఇద్దర్నీ ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడించడం మంచిది. పైగా రాయి చల్లగా ఉంటుంది. మీరు పోసిన వేడి నీళ్లలోని వేడిని ముందు అది తాగి, మిగిలింది మీకు ఇస్తుంది.

షాపు టబ్ గురించి. యాక్రిలిక్ టబ్ అంటే ప్లాస్టిక్ పలకను వేడి చేసి మెత్తబరచి, అచ్చులోకి లాగి, వెనకవైపు ఫైబర్‌గ్లాసూ రెజిన్ అనే గట్టిపడే జిగురుతో బలం కట్టినది. మామూలుగా ఆ పలక 3 నుంచి 5 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. అచ్చులోకి లాగినప్పుడు మూలల్లో అది సాగి పలచబడుతుంది. అందుకే కొనేటప్పుడు పైనుంచి మెరుపు చూసి మురిసిపోకుండా టబ్‌ను తిరగేయమనండి. అంచు ఎక్కడైనా కోసిన చోట తెల్లని పొర ఎంత మందం ఉందో చూడండి. కాగితమంత పొర కింద వెంటనే ఫైబర్ కనిపిస్తే అది యాక్రిలిక్ కాదు, జెల్‌కోట్ పూసిన ఫైబర్‌గ్లాసు టబ్. చూడ్డానికి రెండూ కవలల్లా ఉంటాయి కానీ జెల్‌కోట్ పొర అర మిల్లీమీటరు దాకానే. అది అరిగితే లోపలి ఫైబర్ బయటపడి మురికి పట్టేస్తుంది. యాక్రిలిక్‌లో రంగు లోపలిదాకా ఒకటే కాబట్టి చిన్న గీతలు పడినా సన్నని వాటర్ పేపరుతో (తడిపి రుద్దే గరుకు కాగితం) రుద్ది పాలిష్ చేయిస్తే పోతాయి. తర్వాత టబ్‌ను నేల మీద పెట్టించి, మడమతో అడుగు మధ్యలో నొక్కి చూడండి. లోపలికి దిగి పైకి లేస్తే అది మీ ఇంటికి వద్దు. మంచి టబ్ అయినా ప్లంబరు నాలుగు కాళ్ల మీదే నిలబెట్టి వెళ్లిపోకూడదు. అడుగు మొత్తానికి ఆనుపు ఉండేలా కింద సిమెంటు మోర్టారు పరిపించండి. టబ్ పగుళ్లలో చాలా వాటికి కారణం ఆ ఆనుపు లేకపోవడమే.

పదేళ్ల గ్యారంటీ కాగితం కూడా అడిగి చదవండి. టబ్ పగిలితే ఇస్తారా, మెరుపు పోతే కూడా ఇస్తారా, ఉప్పు నీటి వల్ల వచ్చిన మరకల మాట ఏమిటి అన్నది అందులోనే తెలుస్తుంది. పెయింటు థిన్నరు, గోళ్ల రంగు తీసే ద్రావకం యాక్రిలిక్‌కు పడవు. వెలిగించిన అగరుబత్తి తగిలినా మచ్చ పడుతుంది. మన ఇళ్లకు ప్రత్యేకమైన చిక్కు ఇంకొకటి ఉంది. పెళ్లికీ పండక్కీ నలుగు పెట్టుకుంటాం, పసుపు రాసుకుంటాం. తెల్లటి టబ్ మీదా టైల్స్ సందుల్లో నింపే తెల్లటి గ్రౌట్ మీదా పసుపు అంటుకుంటే సబ్బు నీళ్లు తగలగానే ఎర్రబడుతుంది. కంగారుపడి యాసిడ్ పోయకండి. ఆ మరకను ఎండే మెల్లగా తినేస్తుంది, కిటికీ ఉన్న బాత్‌రూమ్ అయితే కొన్నాళ్లకు మాయమవుతుంది.

మిగతా రకాలు మీకు పనికిరావు కాబట్టి త్వరగా ముగిస్తాను. పోత ఇనుము మీద ఎనామిల్ వేసిన టబ్బులు విదేశాల్లో పాత ఇళ్లలో తరాల తరబడి ఉన్నాయి. ఎనామిల్ అంటే సుమారు 800 డిగ్రీల వేడిలో లోహం మీద కరిగించి అంటించిన గాజు పొర. గట్టిదే. కానీ ఇత్తడి చెంబు జారి పడి ఒక పెచ్చు లేచిందంటే, మీ ఉప్పు నీళ్లలో అక్కడి నుంచి తుప్పు మొదలవుతుంది. టబ్ ఒక్కటే 150 కిలోలు ఉంటుంది, పై అంతస్తుకు ఎక్కించేవాళ్లు దొరకాలి. స్టీలు మీద ఎనామిల్ వేసినది తేలిక, తుప్పు కథ మాత్రం అదే. రాతి పొడి, రెజిన్ కలిపి పోత పోసిన టబ్బులు అందంగా ఉంటాయి, ధర వింటే మీరే వద్దంటారు.

ఇప్పుడు మీ అమ్మాయికి చూపించాల్సిన లెక్క. మామూలు టబ్ నిండాలంటే 180 లీటర్లు కావాలి. మన ఇళ్లలో ఉండేది 25 లీటర్ల గీజరు. అందులో నీళ్లు 60 డిగ్రీలకు కాగి, కుళాయి నీళ్లు 25 డిగ్రీలు ఉన్నాయనుకోండి. రెండూ కలిపి ఒంటికి హాయిగా 40 డిగ్రీలు కావాలంటే వచ్చేది 58 లీటర్లు. అంటే గీజరు మూడుసార్లు కాగాలి, ఈలోగా టబ్‌లో ముందు పోసినవి చల్లారుతాయి. టబ్ పెడితే 100 లీటర్ల గీజరు కూడా పెట్టాలి, ఆ ఖర్చు టబ్ ధరలో ఎవరూ చెప్పరు. అయినా ఆవిడ వచ్చేది వేసవిలో. మే నెల మధ్యాహ్నం మూడింటికి ఒంగోలులో డాబా మీది ట్యాంకు నీళ్లకు గీజరు ఎందుకు? వాటిని చల్లబరచడానికే ఏదైనా యంత్రం ఉంటే బాగుండు అనిపిస్తుంది. బోర్లు అడుగంటే రోజుల్లో స్నానానికి పది బకెట్ల నీళ్లు పారబోయడం గురించి వేరే చెప్పక్కర్లేదు. పిల్లల సరదాకు అయితే పెరట్లో పెద్ద ప్లాస్టిక్ తొట్టి పెట్టి సాయంత్రం నీళ్లు నింపండి. డాలస్‌లో లేని వినోదం అదే, ఆ నీళ్లు తర్వాత మొక్కలకు పోతాయి.

మీరు అడగకపోయినా, నన్ను అడిగితే ఈ ఇంట్లో ఎక్కువ ఆలోచన పెట్టాల్సింది కింది బాత్‌రూమ్ మీద. అత్తగారు వాడేది అదే. టబ్ అంచు అర మీటరు ఎత్తు ఉంటుంది, తలంటు పోసుకుని నూనె కాళ్లతో అది దాటడం ఎంత ప్రమాదమో వేరే చెప్పాలా? అక్కడ గడప కూడా లేకుండా, షవర్ కింది నేలను మిగతా నేలతో సమంగా కలిపి, మీటరుకు ఒకటిన్నర సెంటీమీటర్ల వాలుతో నహానీ ట్రాప్ (నేలలో నీళ్లు పోయే జాలీ) వైపు దించండి. కూర్చుని పోసుకోవడానికి గోడవారగా 45 సెంటీమీటర్ల ఎత్తున రాతి అరుగు కట్టించండి. పట్టుకోవడానికి స్టీలు కడ్డీ ఇప్పుడు బిగించకపోయినా ఫర్వాలేదు, అది వచ్చే చోట గోడలో బోలు ఇటుక కాకుండా గట్టి కాంక్రీటు ఉండేలా చూసుకుని, టైల్స్ వేయకముందే ఫోటో తీసి పెట్టుకోండి.

ఆ నేలకు ఏ రాయి వెయ్యాలి? మీ ఊరికి కూతవేటు దూరంలో చీమకుర్తి ఉంది, ప్రపంచం బ్లాక్ గెలాక్సీ కొనుక్కునేది అక్కడి క్వారీల నుంచే. అంత అందమైన రాయిని పక్కన పెట్టుకుని ఇంకోటి వేసుకోమనడానికి నాకూ మనసొప్పదు. కానీ స్నానాల గదిలో వద్దు. నల్లని నున్నటి రాయి మీద బోరు నీళ్ల చుక్క ఆరిన ప్రతి చోటా తెల్లటి ఉంగరం మిగులుతుంది. దాని బంగారు చుక్కలు వాటి కింద కనిపించకుండా పోతాయి. పైగా తడిసిందంటే కాలు నిలవదు. దాన్ని హాలులోనో, వంటగది గట్టు మీదో వేసుకోండి. బాత్‌రూమ్ నేలకు బూడిద రంగు గ్రానైట్‌ను ఫ్లేమ్ ఫినిష్‌లో తీసుకోండి. మంటతో కాల్చడం వల్ల పైన సన్నని గరుకు వస్తుంది, అది అరిగిపోయేది కాదు, గార కూడా ఆ రంగులో కలిసిపోయి కనబడదు.

చవగ్గా వస్తుందని కడప రాయి వేయబోతారు, జాగ్రత్త. మెట్లకూ అరమరలకూ అది మంచి రాయే. కానీ అది సున్నపురాయి. తాండూరు, బేతంచర్ల, మాచర్ల రాళ్లూ సున్నపురాళ్లే, పాలరాయిదీ అదే జాతి. వీటికి యాసిడ్ ఆగర్భ శత్రువు. ఒకసారి బాత్‌రూమ్ క్లీనర్ ఒలికితే ఆ చారిక పాలిష్ పట్టిస్తే తప్ప పోదు. రాయి ఏదో తెలియకపోతే షాపులో ముక్క అడిగి తెచ్చుకుని, నున్నటి వైపు ఒక నిమ్మరసం చుక్క వేసి పది నిమిషాలు ఉంచి తుడవండి. మచ్చ పడి మెరుపు పోతే అది సున్నపు జాతి. గ్రానైట్ అయితే చెక్కుచెదరదు.

టైల్స్ అయినా బాగానే ఉంటాయి. నేలకు విట్రిఫైడ్ తీసుకోండి, అది నీళ్లు పీల్చేది అర శాతం లోపే. గోడకు వేసే సిరామిక్ టైల్ పది శాతం పైన పీల్చుకుంటుంది, గోడకు ఇబ్బంది లేదు, నేలకు మాత్రం పనికిరాదు. పెట్టె మీద జారుడు గుర్తు చూడండి, ఆర్9 అంటే తక్కువ పట్టు, ఆర్11 అయితే తడి నేలకు సరిపోతుంది. టైల్స్ మధ్య సందులకు మామూలు సిమెంటు గ్రౌట్ బదులు ఎపాక్సీ గ్రౌట్ అడగండి. ధర కొన్ని రెట్లు ఎక్కువ, నింపడానికి ఓపికగల మేస్త్రీ కావాలి. అయినా డబ్బు పెట్టాల్సిన చోటు ఇది. టైల్ ఎప్పుడూ చెడిపోదు, సందే చెడిపోతుంది.

మీవారి గాజు తలుపుల గురించి. టఫెన్డ్ గాజు 8 లేదా 10 మిల్లీమీటర్లది ఇంటికి సురక్షితమే. పగిలితే పెద్ద పెంకులుగా కాకుండా చిన్న ముక్కలుగా రాలుతుంది. ఒకసారి టఫెన్ చేసిన గాజును మళ్లీ కోయలేరు కాబట్టి టైల్స్ వేశాకే కొలత తీసుకోవాలి. చిక్కంతా రోజువారీ పనితో. మీ నీళ్లతో ప్రతి స్నానం తర్వాతా వైపరుతో తుడవకపోతే పారదర్శకమైన గాజు నెల తిరిగేసరికి పొగమంచు పట్టినట్టు అవుతుంది. ఆ తుడిచే పని ఎవరిదో ముందే తేల్చుకోండి. తలుపుల మడతబందులు 304 రకం స్టీలు అయినా క్లోరైడు నీళ్లలో చుక్కలు తేలుతాయి. మాలిబ్డినం కలిసిన 316 అయితే తట్టుకుంటుంది, దొరకడం కొంచెం కష్టం. అయస్కాంతంతో పరీక్షించి మంచి స్టీలు అని చెప్పేవాళ్లను నమ్మకండి, నాసిరకం 202 కూడా అయస్కాంతానికి అంటుకోదు. మీవారు ఒప్పుకుంటే తలుపు లేకుండా, నేలలోకి దించిన నాలుగడుగుల గ్రానైట్ పలకను అడ్డుగా నిలబెట్టండి. తుళ్లే నీళ్లను ఆపడానికి అది చాలు, తుప్పు పట్టే బందులు దానికి ఉండవు.

కుళాయిలు, షవర్ల విషయంలో క్లుప్తంగా: ఇత్తడివి కొనండి, చేతిలో బరువు తెలుస్తుంది. బకెట్ కుళాయికి మాత్రం పీటీఎంటీ ప్లాస్టిక్‌ది చాలు, దానికి తుప్పు బాధే లేదు. షవర్ తలకు రబ్బరు మొనలు ఉన్నది తీసుకుంటే గార పట్టినప్పుడు బొటనవేలితో రుద్దితే రాలిపోతుంది. సీలింగుకు బిగించే పెద్ద రెయిన్ షవర్ మీద మోజు ఉంటే ట్యాంకు ఎత్తు చూసుకోండి. పది మీటర్ల ఎత్తుకు ఒక బార్ ఒత్తిడి వస్తుంది. మీ పై అంతస్తు బాత్‌రూమ్‌కూ ట్యాంకుకూ మధ్య మూడు మీటర్లు ఉంటే వర్షం కాదు, మంచు కురిసినట్టు పడుతుంది.

గార తీయడానికి యాసిడ్ సీసాను ఇంట్లోకి రానివ్వకండి. కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు రెండు చెంచాలు ఒక మగ్గు గోరువెచ్చని నీళ్లలో కలిపి, గుడ్డ తడిపి కుళాయికి చుట్టి పదిహేను నిమిషాలు ఉంచి కడిగేయండి. వారానికోసారి చేస్తే గార గట్టిపడదు. సున్నపు రాళ్ల మీద మాత్రం ఇది కూడా వద్దు. ఇంకో మాట గట్టిగా చెబుతున్నాను: బాత్‌రూమ్ యాసిడ్‌నూ బ్లీచింగ్ పౌడర్‌నూ ఎప్పుడూ కలపకండి. క్లోరిన్ వాయువు వస్తుంది, మూసిన గదిలో అది ప్రాణాంతకం.

పని మొదలయ్యాక మీరు పట్టుబట్టాల్సినవి రెండే. వాటర్‌ప్రూఫింగ్ పూత నేలంతా వేసి, గోడల మీద కనీసం ఒక అడుగు, షవర్ ఉన్న గోడకు ఆరడుగులు ఎక్కించాలి. ఆరాక నహానీ ట్రాప్ మూసి, మూడంగుళాల లోతు నీళ్లు నింపి, గోడ మీద పెన్సిలుతో గీత పెట్టి 48 గంటలు వదలండి. తర్వాత గీతతో పాటు కింది గది సీలింగునూ చూడండి. తడి లేకపోతేనే టైల్స్ మేస్త్రీని లోపలికి రానివ్వండి. టబ్ వచ్చే చోట ఐదున్నర అడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు ఖాళీ వదిలి, చల్లనీళ్లకూ వేడినీళ్లకూ పైపులు పెట్టి మూతలు బిగించండి, నేలలో ఒక డ్రెయిన్ కూడా. రెండు వేసవులు గడిచాక కూడా అమ్మాయి టబ్ కావాలనే అంటే, పగలగొట్టే పని లేకుండా ఒక్క రోజులో బిగించవచ్చు.

టైల్స్ కొనేటప్పుడు లెక్కకు మించి ఒక పెట్టె ఎక్కువ తీసుకుని అటక మీద పడేయండి. పెట్టెలన్నిటి మీదా షేడ్ నంబరు ఒకటే ఉందో లేదో లారీ నుంచి దించేటప్పుడే చూసుకోండి. ఆరు నెలల తర్వాత అదే పేరుతో, అదే కొలతతో మరో టైల్ దొరుకుతుంది కానీ ఆ రంగు దొరకదు.